పడక కుర్చీకి జాగా

హోల్డాన్ వీరభద్రప్ప ముప్పై ఒక్క ఏళ్లు నిలబడి బతికాడు. ఇక కూర్చుందామని రిటైరైతే ఇంట్లో చోటు లేదు.

కండక్టరు ఉద్యోగం చేశాడాయన. బస్సు ఆపమని 'హోల్డాన్!' అని అరిచీ అరిచీ ఆ కేకే ఇంటిపేరైంది. ఆదోని–యెమ్మిగనూరు బస్సులో ఊపిరి సలపనంత జనాన్ని ఎక్కించుకుని, వాళ్ల మీద చెనిక్కాయల మూటలు, కోళ్ల గంపలు ఎక్కించుకుని, ఒకసారి పెళ్లికొడుకుతో సహా మగపెళ్లివారందరినీ కూడా ఎక్కించుకుని, "ముందుకు జరగండప్పా, లోపల శానా ఖాళీ ఉండాది" అని నమ్మించిన నోరు ఆయనది. ఆ నోటికి యెమ్మిగనూరులోని సొంత ఇంట్లో ఆరడుగుల నేల దొరకలేదు.

రిటైర్మెంటు రోజున డిపో వాళ్లంతా కలిసి ఆయనకు ఒక పడక కుర్చీ బహూకరించారు. టేకు చట్రం, చారల గుడ్డ, చెయ్యి ఆనించే చోట గ్లాసు పెట్టుకోవడానికి గుండ్రటి బెజ్జం. ఐదు నెలలైంది. ఆ కుర్చీ మడిచింది మడిచినట్టే నడి గది గోడకు ఆనుకుని, అచ్చం యజమాని లాగే నిలబడి ఉంది.

కారణం రుద్రమ్మ. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, రుద్రమ్మ గిన్నెలు.

ఆ నడి గదిలో ఒకప్పుడు వీరభద్రప్ప తండ్రి మగ్గం ఉండేది. ఆయన పోయాక మగ్గం విప్పి పలకలు పెరట్లో పెట్టారు, గుంట పూడ్చారు. పూడ్చిన చోట గిన్నెలు మొలిచాయి. పెళ్లికి వచ్చినవి, కూతురి చెవులు కుట్టించినప్పుడు వచ్చినవి, గృహప్రవేశానికి వచ్చినవి. నేలంతా నిండి, అటక ఎక్కి, మళ్లీ నేలకు దిగాయి. ప్రతిదాని మీదా ఇచ్చినవాళ్ల ఊరు, పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటాయి.

రుద్రమ్మకు ఒక పట్టింపు ఉంది. ఏ చుట్టం వచ్చినా, ఆ చుట్టం పెట్టిన గిన్నెలోనే వడ్డిస్తుంది. పేరు వాళ్ల వైపు తిరిగేలా పెడుతుంది. వచ్చినవాళ్లు ముద్ద నోట్లో పెట్టుకునే ముందు తమ పేరు ఒకసారి చదువుకుని మురిసిపోతారు.

"ఏమే, ఒక్క మూల ఖాళీ చెయ్యే. కుర్చీ ఇప్పుకుంటా" అన్నాడు వీరభద్రప్ప ఒక పొద్దున.

"యే మూల?"

"ఏదైతేనేం!"

"ఆ మూల ఆలూరు శేషప్ప మామది. ఈ మూల తుగ్గలి మద్దమ్మత్తది. కిటికీ కింద మా తమ్ముడిది."

"ఇంటి పన్ను నేను కడతాంటే మూలలు వాళ్లవెట్ల అయితాయే?"

"వాళ్లు పెట్టిన గిన్నెల్లో తింటాండావు గదా, అట్ల!"

"ఈ గంగాళం సూడు. పదేండ్లలో ఒక్క సెంబు నీళ్లన్నా పోసినామా దీంట్లో? ఇట్లాంటిది ఇంట్లో ఎందుకు?"

"పదేండ్లలో నీ నోట్లోనుంచి ఒక్క మంచి మాట రాలేదు. నిన్ను పారేస్తినా?"

వీరభద్రప్ప నోరు మూసుకుని సెల్‌ఫోన్ తెరిచాడు. ఫోన్లో ఒకావిడ తెల్లటి ఖాళీ గదిలో నిలబడి చెబుతోంది. "ఏడాదిగా వాడని వస్తువు మీ ఇంట్లో ఉండకూడదు. అమ్మేయండి, ఇచ్చేయండి, లేదా వదిలేయండి!" ఆ గదిని చూసి వీరభద్రప్పకు కళ్లు చెమర్చాయి. అందులో నాలుగు పడక కుర్చీలు పడతాయి.

అమ్మడం, ఇవ్వడం, వదలడం. మూడు దారులున్నాయి. మూడింట్లో ఒకటైనా చేరవలసిన చోటికి చేరదా?

మంగళవారం రుద్రమ్మ కూరగాయలకు పోయిన అరగంటకు వీధిలో కేక వినిపించింది. "పాత బట్టలకు స్టీలు సామాన్లో!" అంజినమ్మ. నెత్తిన గిన్నెల గంప, భుజాన బట్టల మూట.

వీరభద్రప్ప తలుపు వెనకున్న మూటను లాగాడు. రుద్రమ్మ పాత చీరలే అయివుంటాయి. ముడి విప్పి చూసే టైము లేదు. "అంజినమ్మా, ఇది తీసుకపో. బదులు నాకేమొద్దు."

అంజినమ్మ మూటను చేత్తో ఎత్తి చూసింది. తర్వాత మనిషిని ఎగాదిగా చూసింది. బదులు వద్దన్న మొగుణ్ణి ఆమె తన వ్యాపారంలో చూడలేదు.

"ఊరికే ఎట్ల తీసుకుంటానప్పా? నేనేమన్నా అడుక్కునేదాన్నా?"

"అయితే తీసుకుని, ఈ నాలుగు తపేలాలు కూడా గంపలో ఏసుకపో."

అంజినమ్మ ఒక తపేలాను ఎండకు తిప్పి, చుక్కలు చూసి, పాము పిల్లను దింపినట్టు కింద పెట్టేసింది. "పేరుండే సామాను నేను ముట్టనప్పా. రేపు నా గంపలో మీ సుట్టం పేరు కనబడితే మీ ఆడామె ఆ గంపను నా నెత్తి మీదే బోర్లిస్తాది. ఇదో, నీ మూటకు ఇది సరి." పది మందికి పులుసు కలిపేంత బేసిను ఒకటి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

వీరభద్రప్ప బేసిను పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఇంట్లోంచి ఒక్క గిన్నె కూడా తగ్గలేదు. ఒకటి పెరిగింది. బేసినును పడక కుర్చీ వెనక దాచి, ఇక అమ్మకమే మార్గమని తేల్చుకున్నాడు.

గురువారం తొమ్మిది గిన్నెలు గోనెసంచిలో వేసుకుని, పాత స్నేహితుణ్ణి చూసొస్తానని చెప్పి ఆదోని పోయాడు. పాత సామాన్ల అంగడాయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో గిన్నె తిప్పి, హాజరు పట్టీ చదివినట్టు చదివాడు.

"తుగ్గలి మద్దమ్మ. ఆలూరు శేషప్ప. పత్తికొండ బసవరాజు... ఎన్నూర్లు తిరిగినావప్పా నువ్వు?"

వీరభద్రప్ప ఛాతీ ఉబ్బింది. సర్వీసు గురించి అడిగారంటే ఆయనకు ఒళ్లు తెలియదు. "ఈ పక్క నేను తిరగని ఊరు లేదు. ముప్పై ఒక్క ఏండ్లు!"

"ఒక్కనివేనా?"

"ఒక్కనితో ఎట్లయితాది? బండి తోలేకి ఇంకోడు ఉంటాండె."

"బండి కూడానా!" అంగడాయన గిన్నె కింద పెట్టాడు. "ఏ టైములో పోతాంటిరి?"

"కోడి కుయ్యకముందే మొదటి ట్రిప్పు."

"ఎవరూ పట్టుకోలేదా?"

"మధ్యలో ఆపి సోదా చేస్తాండ్రి. ఒక్కసారన్నా దొరికితే ఒట్టు!"

అంగడాయన చెయ్యి మెల్లగా ఫోను వైపు జరిగింది. వీరభద్రప్పకు అప్పుడు అర్థమైంది. తొమ్మిది గిన్నెలూ సంచిలో పడ్డాయి, సంచి భుజాన పడింది, మనిషి వీధిలో పడ్డాడు. నడుస్తున్న బస్సులోంచి దిగడం ఆయనకు కొత్త కాదు.

ఆదోని బస్టాండు పక్కన యేసురత్నం మరమరాల ఉగ్గాని, బజ్జీ తింటూ కనిపించాడు. ఆ రూట్లో ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన డ్రైవరు, వీరభద్రప్పకు ఆప్తమిత్రుడు, ఇద్దరూ ఒకే నెలలో రిటైరయ్యారు. కథంతా విని బజ్జీ కొరికాడు.

"నువ్వు కండక్టరువేనా రా? మన బస్సులో ఎంతమంది ఎన్ని మూటలు మర్సిపోయినారు? ఒక్కరినన్నా దొంగ అన్నామా? నువ్వూ మర్సిపో."

"దేన్ని?"

"ఆ సంచిని! సీటు కింద పెట్టు. దిగిపో. మర్సిపో."

వీరభద్రప్ప కళ్లు మెరిశాయి. వదిలేయడం! ఫోన్లో ఆవిడ చెప్పిన మూడో దారి!

యెమ్మిగనూరు బస్సెక్కి, సంచిని చివరి సీటు కిందికి తోసి, ఊరికి ముందే కోటేకల్లులో గుట్టుగా దిగి, షేర్ ఆటోలో ఇల్లు చేరాడు. భుజం తేలికగా ఉంది. మనసు అంతకంటే తేలికగా ఉంది. గుమ్మం దాటాడు.

నడి గదిలో గోనెసంచి. దాని పక్కన కాఫీ తాగుతున్న హరికృష్ణ. ఆ బస్సు కండక్టరు. వీరభద్రప్ప చేతి కింద పని నేర్చుకున్నవాడు.

"ఏంటికి తెచ్చినావురా దీన్ని?"

"నువ్వు నేర్పిందే గదన్నా! మర్సిపోయిన మూట ఇల్లు చేరేదంకా కండక్టరు గొంతులో కాఫీ చుక్క దిగకూడదని నువ్వు చెప్పలే? మూట చేర్సినా. ఇప్పుడు తాగుతాండా."

రుద్రమ్మ సంచిని చూసింది. మొగుణ్ణి చూసింది. ఏమీ అనలేదు. వాళ్ల కాపురంలో ఆమె ఏమీ అనకపోవడం అది రెండోసారి. మొదటిసారి అనకుండా ఊరుకున్నప్పుడు, మర్నాడు వాళ్లమ్మ వచ్చి ఏడు నెలలు ఉండిపోయింది.

"మెరుగు పెట్టించేకి తీసకపోయినా" అన్నాడు వీరభద్రప్ప, అడక్కుండానే.

"కోటేకల్లులో ఎందుకు దిగితివన్నా?" హరికృష్ణ అడిగాడు.

"అదీ... మర్సిపోయినా."

"సంచినా?"

"సంచీ, ఊరూ, రెండూ."

హరికృష్ణ, రుద్రమ్మ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హరికృష్ణ గొంతు తగ్గించాడు. "వదినా, అన్నకు ఇట్ల ఎన్ని దినాల నుంచి?"

ఇంకొకడైతే అక్కడితో ఆగేవాడు. వీరభద్రప్ప ఆగలేదు. పొరపాటు రూటుది అనుకున్నాడు. తనను ఎరిగిన బస్సులో వదిలితే ఇంటికి రాక యాడికి పోతుంది? తనను ఎరగని బస్సుల్లో వదలాలి. శనివారం రుద్రమ్మ తలంటు పోసుకుంటుండగా గిన్నెల్ని మూడు చేతిసంచుల్లోకి మార్చి, మళ్లీ ఆదోని బస్టాండుకు చేరాడు.

తుగ్గలి బస్సు, ఆలూరు బస్సు, పత్తికొండ బస్సు వరసగా నిలబడి ఉన్నాయి. ఎంత అదృష్టం! పది నిమిషాల్లో పని అయిపోయింది. మూడు బస్సులూ కళ్ల ముందే దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి. ఆయన చెయ్యూపి వీడ్కోలు కూడా చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో, సగం దారిలో, ఒక సంగతి తట్టింది.

సంచుల్లోకి సర్దేటప్పుడు ఆయన చేతులు వాటి పాత పని అవి చేసుకుపోయాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా పార్సిళ్లను ఊరి పేరు చూసి వేరు చేసిన చేతులు. తుగ్గలి అని కొట్టిన గిన్నెలు ఒక సంచిలో, ఆలూరువి ఒక దాంట్లో, పత్తికొండవి ఇంకో దాంట్లో. ఆ సంచుల్ని ఏ బస్సులో పెట్టాడు?

తుగ్గలి సంచి తుగ్గలి బస్సులో. ఆలూరుది ఆలూరు బస్సులో. పత్తికొండది పత్తికొండ బస్సులో.

వీరభద్రప్ప గుండె హోల్డాన్ అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదటి దెబ్బ తగిలింది. తుగ్గలి మద్దమ్మ, రుద్రమ్మకు మేనత్త, తన పేరున్న బిందెను చంకన పెట్టుకుని దిగింది. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డులు చూపించి వెంట ఇంకో నలుగురు ఆడవాళ్లను తెచ్చింది.

"రుద్రీ! నా బిందె ఒంటరిగా మా ఊరికి వచ్చిందే! కండక్టరు పేరు సూసి ఇచ్చిపాయె. నీ మొగునికి ఏమాయె?"

తొమ్మిదింటికి ఆలూరు శేషప్ప తన తపేలాతో వచ్చాడు. తొమ్మిదిన్నరకు రుద్రమ్మ తమ్ముడు బసవరాజు పెళ్లాం పిల్లలతో, తన గిన్నెతో, బావకు బలమని పత్తికొండ టమాటాల పెట్టెతో వచ్చాడు. పదింటికి హరికృష్ణ వచ్చాడు. డిపోలో ఎవరూ అడగని మూడు గొడుగులు, ఒక టిఫిను క్యారియరు, ఒక ఎడమకాలి చెప్పు తెచ్చాడు. "ఇవీ నువ్వు మర్సిపోయినవేమోనని అన్నా!"

నడి గదిలో ఇప్పుడు గిన్నెలూ ఉన్నాయి, గిన్నెలిచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరి భర్తో, ఏ గొడుగు ఎవరిదో వీరభద్రప్పకు నిజంగానే గుర్తు రావడం మానేసింది.

అందరికంటే చివర యేసురత్నం వచ్చాడు. చేతిలో చెంబు. దాని మీద చుక్కలు. 'ఆదోని డ్రైవర్ యేసురత్నం.' మూడు సంచుల్లో దేంట్లోనూ కుదరక ఆలూరు సంచిలో పడిన చెంబు అది. ఆలూరు డ్రైవరు చూసి పొద్దున్నే తెచ్చిచ్చాడు.

"నాది కూడానా రా?" అన్నాడు చెవిలో.

"సూడలేదురా!"

"ఆ సంచి పక్కన కూసోబెట్టుకుని నాతోనే సలహా అడుగుతివి గదరా! ఉండు, అందరికీ సెప్తా."

వీరభద్రప్ప వంటింట్లోకి పారిపోయాడు. రుద్రమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు.

"బయట పద్నాలుగు మంది ఉండారు" అంది వెనక్కి తిరక్కుండానే. "వాళ్లు పెట్టిన గిన్నెలు కావాలనే పారేసినావని సెప్పాల్నా? మతి పోయిందని సెప్పాల్నా? నీ ఇష్టం. పాలు పొంగేలోపల తేల్సుకో."

"నీకు... నీకు ముందే తెల్సా?"

"అటక మీద దుమ్ములో తొమ్మిది గుండ్రాలు ఉండాయి. నాకు మతి పోలేదు గదా!"

పాలు కదిలాయి. నిజం చెబితే మద్దమ్మ ఈ జన్మలో మొహం చూడదు. పద్నాలుగు మంది చుట్టాలు పద్నాలుగు ఊర్లలో చెబుతారు. పాలు అంచుకు వచ్చాయి.

"మతి పోయింది" అన్నాడు వీరభద్రప్ప.

రుద్రమ్మ పొయ్యి ఆపేసింది. యేసురత్నానికి వాడి చెంబులోనే, పేరు వాడి వైపు తిప్పి, వేడి పాలు ఇచ్చింది. తన పేరు చదువుకున్న యేసురత్నం చెప్పదలుచుకున్నదాన్ని పాలతో పాటు మింగేశాడు.

మద్దమ్మ మాత్రం వదల్లేదు. వీరభద్రప్ప గడ్డం పట్టుకుంది. "నేనెవరో సెప్పు నాయనా?"

ఆయన లెక్కలు వేశాడు. సరిగ్గా చెబితే మతి ఉన్నట్టు. ఉంటే బిందె ఎందుకు బస్సెక్కింది? తప్పు చెబితే అత్తకు అవమానం. మధ్యన ఎక్కడో దిగాలి.

"అత్తవే. ఊరే... గుర్తు రాల్యా."

"అయ్యో! సొంత అత్తనని కూడా సూడకుండా ప్రతిసారీ టికెట్టు కొట్టినోడు, ఊరు మర్సిపాయెనే!" మద్దమ్మ ముక్కు చీదింది.

శేషప్ప గొంతు సవరించుకున్నాడు. "దీనికి మందు ఉండాది. ఖాళీగా ఉండే జాగాలో పెడితే మనిషి ఇంకా మర్సిపోతాడు. తెలిసిన పేర్లు దినామూ కండ్లకు కనబడాల. నోటితో సదవాల."

"అవును మామా" అంది రుద్రమ్మ, ఆ మాట కోసమే పొద్దున్నుంచీ కాచుకున్నట్టు. "పెరట్లో మగ్గం పలకలు ఉండాయి."

తర్వాత జరిగింది వీరభద్రప్పకు కలలాగా ఉంది. బసవరాజు పలకలు మోశాడు. హరికృష్ణ మేకులు కొట్టాడు. నాలుగు గోడలకూ అరలు లేచాయి. అటక మీదివి, నేల మీదివి, మంచం కిందివి, గిన్నెలన్నీ పేర్లు బయటికి తిరిగి అరలెక్కాయి. మధ్యాహ్నానికి నడి గది నేల ఖాళీ అయింది.

పూర్తిగా ఖాళీ!

వీరభద్రప్ప పడక కుర్చీ వైపు పరుగెత్తాడు. ఆయన కంటే ముందు రుద్రమ్మ దాన్ని ఎత్తింది. వెనకున్న బేసిను దొర్లి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఇదెవరిది? పేరు లేదే!"

ఇంత జరిగాక దాచేదేముంది? "అంజినమ్మ ఇచ్చింది. తలుపు యెనకాల నీ పాత చీరల మూటకు."

"నా చీరలు బీరువాలో ఉండాయి. ఆడ ఉండింది నీ ఖాకీ బట్టలు."

వీరభద్రప్ప తలుపు వెనక తొంగి చూశాడు. పద్నాలుగు జతలు. ఇస్త్రీ చేయించి, నాఫ్తలీను ఉండలు వేసి, తన చేత్తో తానే మూట కట్టి, ఎక్కడ పెట్టాడో మర్చిపోయినవి. ఇంట్లోంచి ఏదైనా ఒక్కటి పోవాలని ఇన్ని తంటాలు పడితే, పోయినది అదొక్కటే.

"హరీ! ఆ మూట ఎట్లన్నా ఇల్లు చేరుతుందంటావా?"

"పేరు రాసుంటే నేనే తెస్తాంటి అన్నా" అన్నాడు హరికృష్ణ బాధగా.

చుట్టాలు వెళ్లిపోయారు. రుద్రమ్మ బేసినును బజారుకు తీసుకుపోయి, సాయంత్రానికి తిరిగి తెచ్చింది. దాని అంచున చుక్కలు చుక్కలుగా కొత్త పేరు మెరుస్తోంది. 'యెమ్మిగనూరు వీరభద్రప్ప.'

"పెండ్లయినప్పటి నుంచి ఊర్లో అందరూ నాకు గిన్నె పెట్టినారు" అంది. "నువ్వు పెట్టింది ఇదొక్కటే. అదీ నీకు తెలీకుండా."

ఆయన చుక్కల మీద వేలు పోనిచ్చి పేరు చదువుకున్నాడు.

మర్నాడు పొద్దున నడి గది మధ్యలో పడక కుర్చీ విప్పారు. వీరభద్రప్ప కూర్చున్నాడు. వెనక్కి వాలాడు. కాళ్లు చాపాడు. ఐదు నెలల నుంచి, కాదు, ముప్పై ఒక్క ఏళ్ల నుంచి ఎదురుచూసిన క్షణం. బెజ్జంలో కాఫీ గ్లాసు ఉంది. ఒళ్లో తన బేసిను, పేరు తన వైపు తిరిగి. పది మందికి సరిపడే దాని అడుగున గుప్పెడు ఉగ్గాని. నాలుగు గోడల నుంచీ చుట్టాలందరూ ఆయన్నే చూస్తున్నారు.

"సదువు" అంది రుద్రమ్మ వంటింటి గుమ్మంలోంచి, గరిటె పట్టుకుని.

"తుగ్గలి మద్దమ్మ" అన్నాడు. "ఆలూరు శేషప్ప. పత్తికొండ బసవరాజు..." నాలుగో పేరుకు గొంతు దానంతట అదే, బస్సులో ఊర్ల పేర్లు పిలిచే పాత రాగం అందుకుంది. చిన్న వయసు తిరిగొచ్చినట్టుంది. ఉగ్గాని చల్లారకముందే ముగిద్దామని, కిటికీ పక్క అర మీద ఒక్క చెంబు వదిలేసి ముందుకు దూకాడు.

తలుపు చెక్క మీద గరిటె టక్కున మోగింది.

"హోల్డాన్!" అంది రుద్రమ్మ. "ఆదోని డ్రైవరు ఎక్కలేదు."